ఇబ్సెన్ చివరి నాటకాల్లో మోడర్నిజం ఎక్కడుంది? అటక మీద బాతుతో మా అనుభవం

మీరు అడిగింది ఇది: "ఇబ్సెన్ నాటకాలని క్లాసులో రియలిజం కింద చెప్పారు. చివరి నాటకాల్లో మోడర్నిజం ఉందని ఒక వ్యాసంలో చదివాను. నేనూ దాని మీద ఒక వ్యాసం రాయాలి. చూస్తే మామూలు గది, మామూలు కుర్చీలు, మామూలు మాటలు. మోడర్నిజం ఎక్కడుంది? సింబల్ ఉంటే చాలా?"

చాలదండీ. సింబల్‌కీ మోడర్నిజానికీ సంబంధం ఉందని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆ నమ్మకంతోనే ఒక ప్రదర్శన పాడుచేశాను. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు: ఇబ్సెన్ పంతొమ్మిదో శతాబ్దపు నార్వే నాటక రచయిత. రియలిజం అంటే జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపించడం. మోడర్నిజం అంటే పాత పద్ధతుల మీద, ఖాయమైన అర్థాల మీద నమ్మకం సడలాక వచ్చిన ధోరణి.

మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర ఒక ఊరు. హైస్కూల్లో పాఠాలు చెబుతాను. ఇరవై రెండేళ్లుగా పరిషత్తు నాటికలు (నాటక పోటీల్లో ఆడే చిన్న నాటకాలు) ఆడుతున్నాను. ఇబ్సెన్ రాసిన 'వైల్డ్ డక్'ని తెలుగులో గంటంబావు నాటికగా కుదించి నాలుగుసార్లు ఆడాం. అయిదంకాల నాటకాన్ని అంత చిన్నది చెయ్యడం పాపమే అనిపించింది గానీ పరిషత్తుల్లో అంతకంటే టైమ్ ఇవ్వరు.

ముందు కాలక్రమం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1879లో 'డాల్స్ హౌస్', 1881లో 'గోస్ట్స్', 1882లో 'ఎనిమీ ఆఫ్ ది పీపుల్'. ఈ మూడూ సంఘాన్ని నిలదీసే నాటకాలు. 1884లో 'వైల్డ్ డక్' వచ్చింది. దాని రాతప్రతి పంపేటప్పుడు, ఈ నాటకం తన మిగతా వాటికి వేరుగా ఉంటుందని, ఇందులో తన పద్ధతి మారిందని ఇబ్సెన్ పబ్లిషర్‌కి ఉత్తరం రాశాడు. అక్కణ్ణుంచి 1899లో 'వెన్ వి డెడ్ అవేకెన్' దాకా రెండుమూడేళ్లకొకటి చొప్పున ఎనిమిది నాటకాలు. మీరు అడుగుతున్నది ఈ ఎనిమిదింటి గురించే. పైకి అన్నీ గదుల్లో, వరండాల్లో, తోటల్లో జరిగే సంసారాల కథలే.

'వైల్డ్ డక్' కథ చదవని వాళ్ల కోసం: హ్యాల్మర్ ఒక ఫోటోగ్రాఫర్. ఇల్లూ స్టూడియో ఒకటే. భార్య గీనా, పద్నాలుగేళ్ల కూతురు హెడ్విగ్, జైలుకెళ్లి వచ్చిన ముసలి తండ్రి. స్టూడియో వెనక ఒక అటక ఉంది. అందులో కోళ్లు, పావురాలు, కుందేళ్లు, ఎండిపోయిన క్రిస్మస్ చెట్లు, వాటి మధ్య గడ్డి బుట్టలో ఒక గాయపడ్డ అడవి బాతు. ఊళ్లో పెద్ద వ్యాపారి వెర్లె దాన్ని కాల్చాడు. చూపు సరిగ్గా లేక గురి తప్పింది. దెబ్బ తిన్న బాతు నీళ్ల అడుక్కి మునిగి నాచుని ముక్కుతో కరిచిపట్టుకుంది. కుక్క మునిగి దాన్ని పైకి తెచ్చింది. తిరిగి తిరిగి ఆ బాతు ఈ ఇంటికి చేరింది. గీనా పెళ్లికి ముందు వెర్లె ఇంట్లో పనిచేసేది. వెర్లె కొడుకు గ్రెగర్స్ వచ్చి, అప్పట్లో గీనాకీ వెర్లెకీ సంబంధం ఉందని, ఈ కాపురం అబద్ధం మీద నిలబడిందంటూ హ్యాల్మర్‌కి 'నిజం' చెబుతాడు. తండ్రి మీద ప్రేమ నిరూపించుకోవడానికి నీ బాతుని బలిమ్మని హెడ్విగ్‌కి చెబుతాడు. ఆ పిల్ల పిస్తోలు తీసుకుని అటకలోకి వెళ్లి తననే కాల్చుకుంటుంది.

మేం మొదటిసారి ఆడినప్పుడు బాతుని నిజంగానే తెచ్చాం. మావైపు కోతలయ్యాక ఖాళీ వరిచేలల్లో బాతుల మందలు తోలుకుంటూ తిరుగుతారు. అలాంటివాళ్లని అడిగి ఒకదాన్ని తెచ్చి, స్టేజీ మధ్యలో పంజరం పెట్టి, దాని మీద నీలం లైటు వేశాం. అంత అందమైన సింబల్‌ని దాచడం ఎందుకనిపించింది. జనం గంటంబావూ ఆ బాతునే చూశారు. అది మెడ తిప్పినా, రెక్క దులిపినా కళ్లు అటే. అదొక్కటే అయితే సర్దుకునేవాణ్ణి. నాటిక అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకులో, "బాతు అంటే ఆ అమ్మాయే. సింబల్ చక్కగా పండింది" అన్నారు. చప్పట్లు కొట్టారు. నాకు కడుపులో ఏదో కలుక్కుమంది. ఆయన తప్పేం లేదు, మేం చూపించిందే చెప్పారు. కానీ ఆ ఒక్క వాక్యంతో నాటకం మూతపడిపోయింది. బాతు ఈజ్ ఈక్వల్ టు అమ్మాయి. లెక్క తేలిపోయింది, జనం ఇళ్లకి వెళ్లారు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో గ్రెగర్స్ వేషం వేసిన కుర్రాడు నా పక్కన కూర్చున్నాడు. కొబ్బరి వ్యాపారం చేసుకునే అబ్బాయి, డిగ్రీ మధ్యలో మానేశాడు. రావులపాలెం దాటాక అన్నాడు: "మాస్టారూ, నాకొక అనుమానం. ముసలాయనకి ఆ బాతు వేట జ్ఞాపకం. పాపకి అది పెంచుకునే పిట్ట. బాతంటే ఇదీ అని అర్థం చెప్పేవాణ్ణి నేనే కదా. నువ్వు కూడా ఆ బాతులాంటోడివేనని హ్యాల్మర్‌తో అనేది నేనే. దాన్ని బలిమ్మని పాపకి చెప్పేదీ నేనే. నేను చెప్పిన అర్థాన్ని పట్టుకునే కదండీ ఆ పిల్ల పోయింది. మరి మీరు లైటేసి, నేను చెప్పిందే కరెక్టని జనానికి చెబుతున్నారేంటండీ?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా ఈ మాట లేదు. మీ ప్రశ్నకి నా జవాబు కూడా అదే. పాత పద్ధతి నాటకంలో సింబల్ ఉంటే రచయిత ఆ అర్థం వెనక నిలబడతాడు. ఈ నాటకంలో అర్థాలు వెతికే మనిషిని ఇబ్సెన్ ఒక పాత్రగా పెట్టి, ఆ వెతుకులాట వల్ల ఏం జరిగిందో చూపించాడు. బాతు ఉండడం మోడర్నిజం కాదు. బాతుకి ఎవరి అర్థం వాళ్లు ఇచ్చుకోవడం, ఏ ఒక్కటీ ఖాయం కాకపోవడం, ఖాయం చెయ్యబోయినవాడి వల్ల పసిప్రాణం పోవడం, అదీ మోడర్నిజం. అర్థం అనే దాని మీదే అనుమానం.

ఆ తర్వాత ఏడాది స్టేజీ మార్చాం. పంజరం తీసేశాం, లైటు తీసేశాం. వెనక గోడకి ఒక చెక్క తలుపు పెట్టాం, దాని వెనక చీకటి. అటక అంటే మావాళ్లకి చెప్పాల్సిన పనిలేదు. మా ఇళ్లలో అటక మీద కురిడీ ఉంటుంది. తెలియని వాళ్లకి చెబుతాను: ముదిరిన కొబ్బరికాయల్ని డొక్క (పై పీచు) తీయకుండా అటక మీద పోసి నెలల తరబడి వదిలేస్తారు. లోపలి నీళ్లు మెల్లగా ఇంకిపోతాయి. కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా విడిపోతుంది. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గుడుగుడుమంటుంది. ఆ చప్పుడు వస్తేనే కురిడీ అయినట్టు. చిన్నప్పుడు రాత్రిళ్లు ఎలకలు ఆ కాయల మీద పరిగెడితే అటకంతా గుడగుడలాడేది. పైన ఎవరో ఉన్నారనిపించేది. భయంగానూ ఉండేది, పైకెక్కి చూడాలనీ ఉండేది.

ఆ చప్పుడే పెట్టాం. తలుపు వెనక చెక్కబల్ల మీద ఒకతను నాలుగు కురిడీ కాయల్ని మెల్లగా అటూ ఇటూ దొర్లించేవాడు. బాతు కనబడదు, అరుపు వినబడదు. హెడ్విగ్ తలుపు సందులోంచి తొంగి చూస్తుంది, అంతే. ప్రేక్షకుడికి కనిపించేది ఆ పిల్ల వీపు, జడ. ఆ రాత్రి నాటిక అయ్యాక ఒక పెద్దావిడ మా దగ్గరికొచ్చి, "మరా బాతుకి రేపొద్దున్న మేతెవరేత్తారండీ?" అని అడిగింది. బాతు బతికే ఉంది కదా, పిల్ల లేదు కదా అని ఆవిడ బెంగ. ఇబ్సెన్ కూడా ఆ సంగతి ఎక్కడా రాయలేదు. పిల్ల పోయాక బాతు మాట ఎవరూ ఎత్తరు. ఆవిడకి బాతు బాతుగానే ఉంది. అయినా నాటకమంతా ఆవిడ ప్రశ్నలో ఉంది.

అటక ఒక ఎత్తు, మాటలు ఒక ఎత్తు. ఈ నాటకంలో మనుషులు మాట్లాడుకుంటూనే ఉంటారు, ఒకరి మాట ఒకరికి చేరదు. రెండో అంకంలో ఒక చిన్న ఘట్టం ఉంది. హ్యాల్మర్ వెర్లె ఇంట్లో విందుకి వెళ్తూ కూతురికి ఏదో మంచిది తెస్తానని మాటిచ్చి మరిచిపోతాడు. తిరిగొచ్చాక పిల్ల అడిగితే జేబులోంచి విందు మెనూ కాగితం తీసి ఇచ్చి, ఇది చదువు, ఒక్కొక్కటీ ఎలా ఉంటుందో నేను చెబుతాను అంటాడు.

మేం దాన్ని మార్చుకున్నాం. మా నాటికలో తండ్రి పెళ్లి భోజనానికి వెళ్తూ పూతరేకులు తెస్తానంటాడు. వచ్చాక జేబులోంచి ఐటమ్స్ లిస్టు అచ్చువేసిన కార్డు తీస్తాడు. పనసపొట్టు కూర, పులిహోర, బొబ్బట్లు, పూతరేకులు. హెడ్విగ్‌గా వేసింది మా స్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆ కార్డుని కళ్లకి బాగా దగ్గరగా పెట్టుకుని చదవమని చెప్పాను, ఎందుకంటే నాటకంలో ఆ పిల్లకి చూపు పోతోంది. ఆ అమ్మాయి అంతకంటే మంచి పని చేసింది. 'పూతరేకులు' అన్న చోట వేలు పెట్టి కాగితాన్ని ఒకసారి తడిమి చూసింది, తగులుతుందేమో అన్నట్టు. నేను చెప్పలేదు. మొదటి వరసలో ఉన్నవాళ్లు కదల్లేదు. తండ్రి మాత్రం ఎలా ఉంటుందో వర్ణిస్తూనే ఉన్నాడు. వస్తువు బదులు దాని పేరు, తిండి బదులు తిండి గురించి మాటలు. తర్వాతి శతాబ్దంలో పెద్ద పెద్ద రచయితలు మాటల మీద పెట్టుకున్న అపనమ్మకమంతా నాకు ఆ కార్డులోనే కనిపిస్తుంది. అలాగని ఆ సీన్లో రియలిజం కానిది ఒక్కటైనా ఉందా? పెళ్లికెళ్లి కార్డు తెచ్చే తండ్రులు లేరా?

ఇంకొకటి చూడండి. హెడ్విగ్ ఎవరి కూతురు? వెర్లెకి చూపు పోతోంది, ఈ పిల్లకీ పోతోంది. అయితే వెర్లె కూతురే అనుకుంటాం. కానీ హ్యాల్మర్ తల్లికీ కళ్లు సరిగ్గా ఉండేవి కావని గీనా ముందే ఒక మాట అనేసి ఉంటుంది. అది నిజమో, తప్పించుకోవడానికి అన్నదో చెప్పలేం. చివరికి మొగుడు నిలదీసి అడిగితే గీనా చెప్పే జవాబు: "నాకు తెలీదు." పాత నాటకాల్లో చివరి అంకానికి రహస్యం బయటపడి తీరాలి. ఇక్కడ రహస్యం అది మోసేవాళ్లకే తెలియదు.

ఇప్పుడు 1892 నాటకం 'మాస్టర్ బిల్డర్'కి వస్తాను. మన విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడిన సంవత్సరం కూడా అదే. మీ వ్యాసానికి ఒకే ఒక్క ఉదాహరణ కావాలంటే ఈ నాటకంలోని పొగగొట్టం పగులు తీసుకోండి. సోల్నెస్ ఇళ్లు కట్టేవాడు. అతని పేరు, సంపద అన్నీ భార్య పుట్టింటి పాత ఇల్లు కాలిపోవడంతో మొదలయ్యాయి. ఆ స్థలాన్ని ప్లాట్లుగా చేసి ఇళ్లు కట్టాడు. ఆ మంటల దెబ్బకి భార్య జబ్బుపడింది, కవల పిల్లలు పోయారు. ఆ ఇంటి పొగగొట్టంలో పగులు ఉందని తనకి ముందే తెలుసని, బాగుచెయ్యకుండా వదిలేశానని, ఇల్లు కాలిపోతే బాగుండునని కూడా లోపల అనుకున్నానని హిల్డా అనే అమ్మాయికి చెబుతాడు. మనం కూర్చున్నచోట ముందుకి వంగుతాం. సరే, నేరం దొరికింది, ఇక శిక్షే అనుకుంటాం. అప్పుడు అతనే చెబుతాడు: మంట పొగగొట్టం దగ్గర పుట్టలేదు. ఇంకెక్కడో బట్టల గదిలో పుట్టింది.

పగులు ఉంది. మంట ఉంది. రెంటికీ సంబంధం లేదు. తప్పు చేశానన్న బాధ మాత్రం మనిషిని వదల్లేదు. 'గోస్ట్స్'లో తండ్రి చేసింది కొడుక్కి తగులుతుంది, కారణం, ఫలితం, కోర్టు వాదనలా నడుస్తుంది. పదకొండేళ్లు తిరిగేసరికి అదే రచయిత ఆ తాడుని మధ్యలో కోసేశాడు. రెండు కొసలూ చూపించి, ముడి లేదన్నాడు.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. మా పెదనాన్న వల్ల అర్థమైంది. 1996 నవంబరు 6 తుఫాను మా కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. పెదనాన్న పశువులశాల పక్కన ఒక కొబ్బరిచెట్టు వాలి ఉండేది. కొట్టించెయ్యి, శాల మీద పడుతుందని పెద్దమ్మ రెండేళ్లుగా పోరేది. కాపు బాగుందని ఆయన కొట్టించలేదు. ఆ రాత్రి శాల కూలి రెండు గేదెలు, ఒక దూడ చచ్చిపోయాయి. అయితే చెట్టు పడలేదు. అవతల పక్క మట్టిగోడ నానిపోయి లోపలికి కూలింది. ఆ చెట్టు ఇప్పటికీ అలాగే వాలి ఉంది. పెదనాన్న మాత్రం పోయేదాకా, "చెట్టు కొట్టించలేదురా" అంటూనే ఉన్నాడు. గోడే కదా పడిందని ఎన్నిసార్లు చెప్పినా అవునంటాడు, మళ్లీ చెట్టు వంక చూస్తాడు. సోల్నెస్ మాటలు మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి పెరట్లోకి వెళ్లి ఆ చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను.

ఆ నాటకంలోనే సోల్నెస్ భార్య ఎలీన్ ఒక చోట పోయిన పిల్లల గురించి ప్రశాంతంగా మాట్లాడుతుంది. మంటల్లో కాలిపోయిన తన తొమ్మిది బొమ్మల దగ్గరికి వచ్చేసరికి తట్టుకోలేకపోతుంది. ఆవిడని రాతిగుండె మనిషిగా వెయ్యకూడదు. దుఃఖం ఎక్కడ బయటికి రావాలో మనం చెబితే వినదు, అంతే. పదేళ్ల కిందట తనని సోల్నెస్ ముద్దు పెట్టుకున్నాడని హిల్డా అంటుంది. అతను లేదంటాడు, కాసేపటికి నేనే మనసులో అనుకుని ఉంటానంటాడు. జరిగిందో లేదో చివరిదాకా తేలదు.

'జాన్ గాబ్రియల్ బోర్క్‌మన్' గురించి ఒక్కటే చెబుతాను. 1896 నాటకం. తెర లేచాక మనకి బోర్క్‌మన్ కనబడడు, అడుగుల చప్పుడు వినబడుతుంది. జైలు నుంచి వచ్చి ఎనిమిదేళ్లుగా మేడ మీద అటూ ఇటూ నడుస్తున్నాడు. కింద భార్య ఎనిమిదేళ్లుగా ఆ చప్పుడు వింటోంది. ఒకే ఇల్లు, ఒకరినొకరు చూసుకోరు. నాలుగంకాలూ ఒక్క రాత్రిలో, మధ్యలో ఆగకుండా నడుస్తాయి. గడియారం సరిగ్గానే తిరుగుతుంది, ఆ ఇంట్లో మనుషులకి మాత్రం కాలం ఎప్పుడో నిలిచిపోయింది. కురిడీ చప్పుడు ఆలోచన నాకు నిజానికి ఈ అడుగుల నుంచే వచ్చింది.

అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. 'లేడీ ఫ్రమ్ ది సీ' నాకు అంతగా ఎక్కదు. లైట్‌హౌస్‌లో పెరిగిన ఎలీడా సముద్రం కోసం అల్లాడిపోతుంది. చివరికి భర్త నీ ఇష్టం అనగానే ఉండిపోవడానికి నిశ్చయించుకుంటుంది. మొదటి సగంలో ఉన్న కలత అంత తేలిగ్గా తీరడం నేను నమ్మలేకపోయాను. మా నాటక సమాజంలో గీనా వేషం వేసే ఆవిడది అంతర్వేది. ఆవిడ నాతో గట్టిగా పోట్లాడుతుంది. సముద్రం పక్కన పుట్టినవాళ్లకి ఆ ముగింపు నిజమేనని, వెళ్లే దారి తెరిచి ఉందని తెలిస్తే చాలని అంటుంది. ఈ విషయంలో ఆవిడ మాటకి విలువ ఉంది కాబట్టి మీకూ చెబుతున్నాను.

ఇబ్సెన్‌ని మోడర్నిస్టుల వైపు లాగడం మనం కొత్తగా చేస్తున్న పని కూడా కాదు. 1900లో పద్దెనిమిదేళ్ల జేమ్స్ జాయిస్ ఒక లండన్ పత్రికలో ఇబ్సెన్ ఆఖరి నాటకం మీద పెద్ద వ్యాసం రాశాడు. ఇబ్సెన్‌ని మూలంలో చదవడానికి నార్వే భాష నేర్చుకున్నాడు.

మీరు వ్యాసం రాసేముందు 'వైల్డ్ డక్' రెండో అంకం, 'మాస్టర్ బిల్డర్' రెండో అంకం చదవండి. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకుని పైకి చదవండి. ఎవరైనా ఒక వస్తువు గురించి మాట్లాడినప్పుడల్లా పక్కన మార్జిన్‌లో రాసుకోండి: దీనికి అర్థం ఎవరు చెబుతున్నారు, వింటున్నవాళ్లు నమ్మారా, చెప్పినదాని వల్ల తర్వాత ఏం జరిగింది. పొగగొట్టం దగ్గరికి వచ్చినప్పుడు మంట ఎక్కడ పుట్టిందో చెప్పే వాక్యాన్ని గబుక్కున దాటెయ్యకండి. రిహార్సల్లో మావాళ్లందరూ మొదటిసారి దాటేశారు.